ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నేర్చుకోవాలా? ముందు ఇంట్లో బాత్రూమ్ బాగుచేయించండి

"అన్నా, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నేర్చుకుందామనుకుంటున్నా. ఏ కోర్సు మంచిది?" అని నెలకు ఇద్దరైనా అడుగుతారు. ఒకరిని కొత్తగా టీమ్ లీడ్‌ని చేశారు, ఇంకొకరు సివిల్ చదివి సైట్‌లో చేరారు, మరొకరు ఉద్యోగం మారదామనుకుంటున్నారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. కోర్సు సంగతి తర్వాత. ముందు ఒక పని మొదటి నుంచి చివరిదాకా మీరే నడిపించండి. దానికి జరపలేని తేదీ ఉండాలి, డబ్బు లెక్క ఉండాలి, మీ కింద పనిచేయని మనుషులు నలుగురైనా ఉండాలి. గట్టున కూర్చుని వంద వీడియోలు చూసినా ఈత రాదు.

ఈ మూడూ ఉన్న పని మన ఇళ్ళలోనే దొరుకుతుంది: పెళ్ళికి ముందు ఇంటి రిపేరు. ముహూర్తాన్ని జరపలేం. మేస్త్రి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్ నలుగురూ నాలుగు దిక్కులు. ఇక సలహాలిచ్చే చుట్టాలకు కొదవే లేదు. నేను రెండుసార్లు చేయించాను. మొదటిసారి బాగా దెబ్బతిన్నాను, ఆ సంగతి మధ్యలో చెప్తాను. ఇక్కడ ఉదాహరణగా ఒక బాత్రూమ్ కొత్తగా చేయించడం, ఇల్లంతా రంగులు వేయించడం తీసుకుంటున్నాను. మీ ఇంట్లో ఆ అవసరం లేకపోతే వినాయక చవితి మండపమో, కాలేజీ ఫెస్టో, మీరు బయటి దేశంలో ఉంటే అక్కడి తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమమో తీసుకోండి. అడుగులు ఇవే.

ఏం కావాలి

- మూడు నుంచి ఆరు వారాల్లో అయ్యే పని ఒకటి. ఆరు నెలల పనితో మొదలుపెట్టకండి, ఎక్కడ తప్పు చేశారో తెలిసేసరికి మర్చిపోతారు.
- 200 పేజీల నోటు పుస్తకం.
- గోడకు తగిలించే తెలుగు క్యాలెండర్, తిథులు ఉన్నది. ఎందుకో అయిదో అడుగులో తెలుస్తుంది.
- చిన్న చీటీలు ఒక యాభై. స్టిక్కీ నోట్స్ కొననక్కర్లేదు, పాత శుభలేఖలు కత్తిరించినా చాలు.
- ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ. అంతకుమించి ఏ సాఫ్ట్‌వేర్ జోలికీ ఇప్పుడే పోవద్దు.
- రోజూ సాయంత్రం పావుగంట, ఆదివారం అరగంట. ఈ టైమ్ లేదంటే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు.

1. ఒక్క పేజీ రాయండి

అయిదు ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఎందుకు చేస్తున్నాం? ఎప్పటికి అయిపోవాలి? ఎంతలో? చివరి మాట ఎవరిది? ఏమేం చేయడం లేదు?

పెళ్ళి 45 రోజుల్లో ఉందనుకుందాం. చాలామంది తేదీ దగ్గర 'పెళ్ళి రోజు' అని రాసేస్తారు. అది మీ తేదీ కాదు. పసుపు దంచే రోజుకు ఇంట్లో సిమెంటు బస్తా కనిపించకూడదు, చుట్టాలు దిగే రోజుకు బాత్రూమ్‌లో నీళ్ళు రావాలి. అంటే పదిరోజుల ముందే అయిపోవాలి. మీ చేతిలో ఉన్నవి 35 రోజులు.

అయిదో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. 'వంటిల్లు ముట్టుకోవడం లేదు. మెట్ల రెయిలింగ్ మార్చడం లేదు. బయటి గోడకు ఒక్క కోటే' అని స్పష్టంగా రాసిపెట్టండి. రాయకపోతే ఏమవుతుందో తొమ్మిదో అడుగులో చూద్దాం.

సరిచూసుకోవడం ఎలా: ఆ పేజీ చూపించకుండా ఇంట్లో ముగ్గురిని విడివిడిగా "మనం ఏమేం చేయిస్తున్నాం?" అని అడగండి. మూడు జవాబులూ ఒకటి కాకపోతే పని మొదలుపెట్టకండి. అమ్మ దృష్టిలో రంగులంటే కిటికీ ఊచలు కూడా అని నాకు పెయింటర్ వెళ్ళిపోయాక తెలిసింది.

2. పనిని ముక్కలు చేయండి

'బాత్రూమ్' అనేది పని కాదు, తలనొప్పి. దాన్ని ఒక్కో మనిషి రెండు మూడు రోజుల్లో చేయగలిగినంత చిన్న ముక్కలయ్యేదాకా విడగొట్టాలి. చీటీకి ఒక్క ముక్కే రాయండి. 'ప్లంబింగ్ చూడాలి' అని కాకుండా, అయిపోయాక కంటికి ఏం కనపడుతుందో అది రాయండి: 'పైపులు ప్రెషర్ టెస్ట్ పాసయ్యాయి' అని, అంటే ఒత్తిడితో నీళ్ళు నింపినా ఎక్కడా కారలేదని.

మొదటిసారి రాసేవాళ్ళు మర్చిపోయే చీటీలు ఎప్పుడూ ఒకే రకంగా ఉంటాయి. చెత్త తీయించడం. సామాను కొని తేవడం. ఎండబెట్టడం, నీళ్ళు కొట్టడం లాంటి ఎదురుచూపులు. సరిచూసుకోవడం. ఈ నాలుగు రకాల చీటీలు మీ దగ్గర లేకపోతే ఇంకోసారి కూర్చోండి.

ఒక చిట్కా: ముక్కలు మీరొక్కరే చేయకండి. మేస్త్రికి టీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. పని చేసేవాడికి తెలిసిన ముక్కలు మీకు సగం కూడా తెలియవు.

3. వరస పెట్టండి

చీటీలన్నీ నేల మీద పరచండి. ఒక్కో చీటీ పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: ఇది మొదలవ్వాలంటే ముందు ఏది అయిపోవాలి? జవాబు వచ్చిన చీటీని ఎడమ పక్కన పెట్టండి. దేనికోసమూ ఆగక్కర్లేనివి కింద ఇంకో వరసలో పెట్టండి.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మా చెల్లి పెళ్ళికి ముందు బాత్రూమ్ చేయిస్తూ, కరెంటు పనంతా రంగుల వరసలో పెట్టేశాను, వైరింగ్ అంటే గదులకే కదా అని. టైల్స్ వేయడం అయిపోయిన సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి గుమ్మంలో నిలబడి, "సార్, గీజర్ పాయింట్ ఎక్కడిచ్చారు?" అన్నాడు. ఎక్కడా ఇవ్వలేదు. మూడు టైల్స్ పగలగొట్టి గాడి కొట్టారు. షాపులో అదే డిజైన్ దొరికింది గానీ అదే బ్యాచ్ దొరకలేదు. ఇప్పటికీ ఆ గోడ మీద మూడు టైల్స్ కొంచెం పచ్చగా ఉంటాయి. మా చెల్లి వచ్చినప్పుడల్లా వాటిని వేలితో చూపించి నవ్వుతుంది. తప్పు ఎలక్ట్రీషియన్‌ది కాదు, ఆ చీటీని తప్పు వరసలో పెట్టిన నాది.

సరైన వరస, రోజులతో సహా, ఇలా ఉంటుంది:

- పాత టైల్స్ కొట్టి చెత్త తీయడం: 2
- గోడల్లో పైపులు, గీజర్ పాయింట్ సహా కరెంటు గొట్టాలు: 2
- ప్రెషర్ టెస్ట్ చేసి గాడులు మూసి ప్లాస్టరింగ్: 2
- ప్లాస్టరింగ్‌కు నీళ్ళు కొడుతూ క్యూరింగ్: 7
- వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు: 2
- అది ఆరడం: 3 (డబ్బా మీద రాసినదాన్ని బట్టి మారుతుంది, చదవండి)
- నీళ్ళు నింపి 48 గంటలు పరీక్ష: 2
- టైల్స్: 4
- సందులు నింపడం: 1
- కుళాయిలు, కమోడ్, తలుపు: 2

మొత్తం 27 రోజులు. ఇందులో ఒక్కటి ఒక్కరోజు వెనక్కి వెళ్ళినా చివరి తేదీ ఒకరోజు వెనక్కి వెళ్తుంది. ఆఫీసుల్లో దీన్నే క్రిటికల్ పాత్ అంటారు. రసాయన ఫ్యాక్టరీల పనులు ఆలస్యం కాకుండా చూసుకోవడానికి అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1950ల చివర్లో పట్టుకున్న పద్ధతి ఇది. సిద్ధాంతం ఇంతకన్నా అక్కర్లేదు.

రంగుల వరస వేరు. గదుల్లో కరెంటు గాడులకు 3 రోజులు, గోకి అరగదీయడానికి 2, లప్పం రెండు చేతులు ఆరడంతో కలిపి 4, మళ్ళీ అరగదీయడం 1, ప్రైమర్ 1, మొదటి కోటు 2, రెండో కోటు 2. మొత్తం 15. ఇవి బాత్రూమ్‌తో పాటే నడుస్తాయి. ఒక్క మెలిక ఉంది. టైల్స్ కోసే దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది కాబట్టి రెండో కోటు టైల్స్ పని ముగిశాకే వేయించాలి. అంటే మొదటి 13 రోజుల రంగుల పనిని తొలి 25 రోజుల్లో ఎప్పుడైనా చేయించుకోవచ్చు, చేతిలో 12 రోజుల వెసులుబాటు ఉంది.

ఇప్పుడు చెప్పండి: ప్లంబర్ ఒకరోజు రాలేదు, పెయింటర్ అయిదు రోజులు రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఇంట్లోవాళ్ళు పెయింటర్‌ని తిడుతుంటారు. మీరు ప్లంబర్‌కి ఫోన్ చేస్తూ ఉండాలి. ఈ తేడా తెలిసిననాడు మీకు ఈ విద్యలో సగం వచ్చినట్టే.

4. రోజులు ఎన్ని పడతాయో అడగడం నేర్చుకోండి

"ఎన్ని రోజులు పడుతుంది మేస్త్రీ?" అంటే "మూడ్రోజుల్లో లేపేస్తా సార్" అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు, మీకు నచ్చే జవాబు ఇస్తున్నాడంతే. సాఫ్ట్‌వేర్ కుర్రాడు మేనేజర్‌కి చెప్పేదీ అదే. ప్రశ్న మార్చండి: "పోయినసారి ఇంత బాత్రూమ్‌కి టైల్స్ ఎన్ని రోజులు పట్టింది?" జరిగిపోయినదాని గురించి మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్తాడు.

ఇంకా నమ్మకం కుదరకపోతే మూడు అంకెలు అడగండి. అన్నీ కలిసొస్తే 3 రోజులు, మామూలుగా 4, అన్నీ అడ్డం తిరిగితే 8. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగించండి. 3, 16, 8 కలిపితే 27. ఆరుతో భాగిస్తే నాలుగున్నర. అమెరికా నౌకాదళం 1958లో పొలారిస్ క్షిపణి పనికి వాడిన లెక్క ఇది, మన బాత్రూమ్‌కీ బాగానే పనిచేస్తుంది. అన్ని ముక్కలకూ ఇలా చేయకండి, విసుగొస్తుంది. అనుమానం ఉన్న రెండు మూడింటికి చాలు.

హెచ్చరిక: ప్రతి ముక్కకూ 'ఎందుకైనా మంచిదని' ఒకరోజు కలపకండి. కలిపిన రోజులన్నీ ఎక్కడికక్కడ కరిగిపోతాయి. మిగులు రోజులన్నీ ఒకచోట, చివర్లో ఉంచండి. ఆ సంగతి మేస్త్రికి చెప్పకండి.

5. క్యాలెండర్ మీదికి ఎక్కించండి

35 రోజుల్లో 27 రోజుల పని, ఎనిమిది మిగులు. చూడ్డానికి బాగుంది. ఇప్పుడు తెలుగు క్యాలెండర్ ముందుపెట్టుకోండి.

సోమవారం మొదలుపెట్టారనుకుందాం. మొదటి ఆదివారం క్యూరింగ్‌లో పడింది, నష్టం లేదు. రెండో ఆదివారం వాటర్‌ప్రూఫింగ్ మొదలవ్వాలి, మనుషులు రారు, ఒకరోజు పోయింది. మూడోది నీళ్ళ పరీక్షలో కలిసిపోయింది. నాలుగోది కుళాయిలు బిగించే రెండు రోజుల మధ్య పడింది, ఇంకోటి పోయింది. మా వైపు అమావాస్య నాడు మేస్త్రీలు పని ముట్టుకోరు, అదొకటి. 27 కాస్తా 30 అయింది, మిగులు అయిదు. మధ్యలో సంక్రాంతి వస్తే ఇక చెప్పేదేముంది, ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు కనుమ అయ్యాక కూడా తీరిగ్గానే వస్తారు.

చూశారా, ఆదివారాలను లెక్కేసే తీరులో ఒక కిటుకు ఉంది. ఎదురుచూపుల రోజులు సెలవుల మీద పడేలా మొదలుపెట్టే రోజు ఎంచుకుంటే ఖర్చు లేకుండా రోజులు కలిసొస్తాయి. బుధవారం మొదలుపెడితే ఎన్ని ఆదివారాలు పోతాయో మీరే లెక్కేసి చూడండి, చేయి తిరుగుతుంది.

ఎక్సెల్‌లో ఎడమ నిలువు వరసలో ముక్కలు, పైన తేదీలు పెట్టి, ఏ రోజు ఏ పనో ఆ గళ్ళకు రంగు వేయండి. దాన్నే గాంట్ చార్ట్ అంటారు. ప్రింట్ తీసి గోడకు అతికించండి. కంప్యూటర్‌లో ఉన్న ప్లాన్ మీరు తప్ప ఎవరూ చూడరు.

6. డబ్బు

ముక్కలు రాసుకున్న షీట్‌లోనే పక్కన కూలి, సామాను వేర్వేరుగా రాయండి. మొత్తం 1,80,000 అయిందనుకోండి, దాని మీద 15 శాతం, అంటే 27,000 పక్కన పెట్టండి. 2,07,000 చేతిలో లేకపోతే పనినే తగ్గించుకోండి. 'మధ్యలో చూసుకుందాం' అంటే మధ్యలో చూసేది అప్పులవాళ్ళే.

పని గుత్తకు ఇస్తే డబ్బును రోజులకు కాదు, పరీక్షలకు ముడిపెట్టండి. కొంత అడ్వాన్స్, నీళ్ళ పరీక్ష పాసయ్యాక కొంత, టైల్స్ అయ్యాక కొంత, అన్నీ సరిచూశాక చివరి 20 శాతం. అడ్వాన్స్ సగం దాటితే మనిషి ఇంకో సైట్‌లో కనిపిస్తాడు.

7. ఎవరు దేనికి

ఒక్కో ముక్క ఎదురుగా ఒక్క పేరే రాయండి. 'నేను, తమ్ముడు' అని రాస్తే ఇద్దరూ ఎదుటివాడు చూసుకుంటున్నాడనుకుంటారు. నిర్ణయాలకూ అంతే. రంగులు చెల్లి, డబ్బు నాన్న, టైల్స్ అమ్మ. ఒకసారి తేలాక బాబాయ్ వచ్చి క్రీమ్ కలర్ బాగుంటుందన్నా మారకూడదు.

అదే పేజీ కింద, తేడా కొట్టే అవకాశం ఉన్నవి అయిదు రాయండి, ఒక్కోదానికి ముందే మందు. టైల్స్ బ్యాచ్ దొరకదేమో: పది శాతం ఎక్కువ, ఒకే బ్యాచ్‌వి, ఒకేసారి కొనడం. ప్లంబర్‌కి జ్వరమొస్తే: ఇంకొకరి నంబర్ ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవడం. యాభై రాయకండి, ఎవరూ చదవరు.

8. రోజూ పావుగంట

అసలు పని ఇదే. పైవన్నీ దీనికోసం చేసినవే. ప్లాన్ వేసేది ప్లాన్ ప్రకారం జరుగుతుందని కాదు, జరగడం లేదని మొదటి వారంలోనే తెలియడానికి. అయిదో రోజు తెలిసిన ఒక్కరోజు ఆలస్యాన్ని సర్దుకోవచ్చు. ముప్పైయ్యో రోజు తెలిస్తే టెన్షన్ పడటం తప్ప చేసేదేమీ ఉండదు.

సాయంత్రం పని ఆపే వేళకు వెళ్ళి, నిలబడే, మూడు ప్రశ్నలు అడగండి. ఇవాళ ఏది పూర్తయింది? రేపు ఏది? రేపటికి సామాను, మనుషులు ఉన్నారా? ఫోన్లో కాదు, కళ్ళతో చూడండి. ఊళ్ళో లేకపోతే వాట్సాప్‌లో ఫొటో కాకుండా వీడియో అడగండి. ఫొటోలో మంచి మూలే కనిపిస్తుంది.

'అయిపోయినట్టే సార్' అనే మాటకు విలువ సున్నా. షీట్‌లో ఒక్కో ముక్కకు రెండే స్థితులు పెట్టండి: అయింది, కాలేదు. 90 శాతం అనే గడి ఉంచకండి. ఆ చివరి పది శాతం దగ్గర పనులు వారాల తరబడి కూర్చుంటాయి. 'అయింది' అని ఎప్పుడు రాయాలో కూడా ముందే తేల్చుకోవాలి. మావి ఇవి:

- వాటర్‌ప్రూఫింగ్: జాలి మూసి నీళ్ళు నింపి, గోడ మీద మట్టానికి పెన్సిల్ గీత గీస్తాం. 48 గంటలయ్యాక కింది గది సీలింగ్‌కు చెమ్మ రాకూడదు. నీటిమట్టం ఆవిరికి కాస్త తగ్గుతుంది గానీ వేలెడు దిగితే మాత్రం ఎక్కడో కారుతోంది.
- టైల్స్: నాణెంతో ప్రతి టైల్ తట్టాలి. బోలుగా మోగితే కింద సిమెంటు పట్టలేదు, తీయించి మళ్ళీ వేయించాలి.
- వాటం: బకెట్ నీళ్ళు గుమ్మం దగ్గర కుమ్మరించాలి. నీళ్ళు తమంతట తాము జాలి వైపు పోవాలి. మూలల్లో నిలిస్తే కాలేదన్నమాట.
- రంగు: రాత్రి లైటు వేసి గోడకు పక్కనుంచి చూడాలి. లప్పం ఎగుడుదిగుళ్ళు పగలు దాక్కుంటాయి.

ఆదివారం అరగంట డబ్బు చూడండి. రెండు వారాలకు 90,000 ఖర్చయింది. 'సగం డబ్బు, సగం పని' అనుకోకండి. పూర్తయిన ముక్కలకు మీరు మొదట్లో వేసిన లెక్క ఎంతో కూడండి. 60,000 వచ్చిందంటే, అరవై వేల పనికి తొంభై వేలు పోశారన్నమాట. ఇదే తీరున పోతే 1,80,000 పని 2,70,000 అవుతుంది. అయితే కంగారుపడే ముందు ఒకటి చూడండి: టైల్స్ లాంటివి ముందే కొని మూల పెట్టి ఉంటే ఆ డబ్బు ఈ లెక్కలోంచి తీసేయాలి. చాలామంది ఇక్కడే ఊరికే హడలిపోతారు.

ఆలస్యమైతే దాచకండి. "నాన్నా, టైల్స్ రెండు రోజులు వెనక్కి వెళ్ళాయి. రెండు దారులున్నాయి. ఇంకో మనిషిని పెడితే కూలి పెరుగుతుంది, లేదంటే మిగులు అయిదు రోజుల్లో రెండు వాడుకుంటాం. నేను రెండోది అనుకుంటున్నా" అని అదే రోజు చెప్పేయండి. ఏం జరిగింది, దారులేంటి, మీరు ఏది అనుకుంటున్నారు. మేనేజర్‌కి రాసే మెయిల్ కూడా ఇంతే.

9. 'ఎలాగూ' పేజీ తెరవండి

"ఎలాగూ మేస్త్రి వచ్చాడు కదా, వంటింటి గట్టు కూడా మార్పించేయండి." "ఎలాగూ రంగులు వేస్తున్నారు, ప్రహరీ కూడా వేయించేస్తే పోలా?" ప్రాజెక్టులను ముంచే మాట తెలుగులో ఇదొక్కటే. అడిగేవాళ్ళు మంచికే అడుగుతారు, పైగా పెద్దవాళ్ళు, కాదనలేం.

కాదనకండి. పుస్తకంలో చివరి పేజీ మీద 'ఎలాగూ' అని హెడ్డింగ్ పెట్టి, వాళ్ళ ముందే రాయండి: ఏం అడిగారు, ఎన్ని రోజులు, ఎంత డబ్బు, దేన్ని వెనక్కి నెడుతుంది. "గట్టుకి నాలుగు రోజులు, 18,000 అవుతుంది మావయ్యా. మిగులు రోజుల్లో నాలుగు పోతాయి. నాన్నగారితో ఒక మాట అనండి" అంటే చాలు. మావాళ్ళు అడిగినవి పదకొండు రాశాను, నాన్న దాకా వెళ్ళినవి రెండు. మిగతావి పెళ్ళి తర్వాత చేద్దామన్నారు, ఇంకా చేయలేదు.

10. అప్పగించి, లెక్క తేల్చండి

పని అయ్యాక మొదటి పేజీ తీసి ఒక్కో మాటా సరిచూడండి. చివరి 20 శాతం అప్పుడే ఇవ్వండి. తర్వాత షీట్‌లో ఒక్కో ముక్కకు అనుకున్న రోజులు, పట్టిన రోజులు పక్కపక్కన పెట్టి, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. నాకు మొదటిసారి 1.6 వచ్చింది, రెండోసారి 1.2. ఆ అంకె మీది, ఇంకెవరిదీ మీకు పనికిరాదు. తర్వాతి ప్రాజెక్టులో మీ అంచనాను దానితో గుణించండి.

ఆఫీసుకు తీసుకెళ్ళేటప్పుడు

గోడ ఎక్కడ ఉండాలో ముందే తెలుసు కాబట్టి పైన ప్లాన్ అంతా మొదటే వేశాం. కావలసింది ఏమిటో అడిగేవాళ్ళకే స్పష్టంగా తెలియని పనులుంటాయి, యాప్‌లు ఎక్కువగా అంతే. అక్కడ 27 రోజులూ ముందే గీస్తే మొదటి వారంలోనే చింపాల్సి వస్తుంది. రెండు వారాల పని ఎంచుకుని, చేసి చూపించి, వాళ్ళ మాట విని, మళ్ళీ రెండు వారాలు. అజైల్, స్క్రమ్ అనేవి ఈ దారివే. స్క్రమ్‌లో ఒక విడతను స్ప్రింట్ అంటారు, అది నెలకు మించకూడదు. రోజూ పావుగంట నిలబడి మాట్లాడుకోవడం మాత్రం మీకు మేస్త్రి దగ్గరే అలవాటైపోయింది. ట్రెల్లో, జీరా లాంటి సాఫ్ట్‌వేర్లు అక్కడ ఎలాగూ నేర్పిస్తారు. చీటీలు జరపడం తెలిసినవాళ్ళకు అవి ఒక్క పూట పని.

ఇలాంటివి రెండు చేశాక కోర్సులో చేరండి. కొత్తవాళ్ళయితే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) అనే సంస్థ పెట్టే సీఏపీఎం అనే మొదటి మెట్టు పరీక్ష చూడండి, దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు. అదే సంస్థ పెట్టే, అందరూ చెప్పే పీఎంపీ పరీక్షకు డిగ్రీ ఉన్నా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి. మొదటిరోజే దానికి ఫీజు కట్టించుకోబోయే ఇన్‌స్టిట్యూట్ ఎదురైతే, ఆ 36 నెలల సంగతి ఏమిటని అడిగి చూడండి.